గవర్రాజు బీరువా వేషం

మంగతాయారు సంచీ సర్దుతోంది. రెండు తువ్వాళ్ళు, ఒక లుంగీ, మఫ్లరు, టార్చిలైటు, గొడుగు, తలనొప్పి మందు, వాము పొట్లం, కజ్జికాయల డబ్బా. అన్నీ పెట్టి జిప్పు లాగి, మళ్ళీ జిప్పు తీసి, దువ్వెన పెట్టి, మళ్ళీ లాగింది. అయినా ఆవిడకి ఏదో మరిచిపోయినట్టే ఉంది.

వెళ్ళేది ఆవిడ తమ్ముడు గవర్రాజు. వెళుతున్నది కాశీకీ కాదు, కేదారానికీ కాదు. కాకినాడలోనే, వాళ్ళింటి ముందు ఆటో ఎక్కితే జేబులో చిల్లర వెతుక్కునేలోగా వచ్చేసే ప్రభుత్వ రూపకల్పన కళాశాలకి. అందులో గుమాస్తాగా చేరిన నాటినించీ రోజూ వెళ్ళొస్తూనే ఉన్నాడు.

"ఎందుకక్కా ఇదంతా? పార్టీ అవగానే సాయంత్రం టీకి వచ్చేస్తానంటే వినవేం?"

"మీ బావగారూ అదే అన్నార్రా. సర్కస్ చూసేసి భోజనానికి వచ్చేస్తానన్నారు."

గవర్రాజు చెప్పులు వెతుక్కోడం మొదలుపెట్టాడు. ఆ మాటకి ఆ ఇంట్లో తిరుగు లేదు. మంగతాయారు మొగుడు సర్కస్ చూడ్డానికి వెళ్ళి సర్కస్‌తోనే వెళ్ళిపోయాడు. ఏనుగుల మేత అజమాయిషీ చేసే పని దొరికిందని గుంటూరు నించి ఒక కార్డు రాశాడు. ఆ తరవాత కార్డూ లేదు, ఏనుగుల కబురూ లేదు. అప్పట్నించీ మంగతాయారు కొత్తిమీరకి వెళ్ళేవాడికైనా ఒక చొక్కా సర్ది ఇచ్చేది. పెళ్ళీ పెటాకులూ లేని తమ్ముడు ఒక్కడే ఆవిడకి మిగిలాడు.

"పోనీ ఏం వేషం వేస్తున్నావో అదైనా చెప్పు."

"బీరువా."

"రాముడో కృష్ణుడో వెయ్యక, ఈ బీరువా ఏంట్రా?"

ఇది గవర్రాజు పైత్యం కాదు, ప్రిన్సిపాల్ భుజంగరావు గారి ఉత్తర్వు. నూరేళ్ళ కిందట జర్మనీలో ఒక బడి ఉండేది. కుర్చీకి సింహం కాళ్ళూ, లతలూ, చిలకలూ చెక్కడం మాని, కూర్చోడానికి వీలుగా చేస్తే అదే అందమని చెప్పిన బడి. ఆ బడివాళ్ళు చదువుతో పాటు వింత వేషాల విందులు కూడా చేసుకునేవారు. మన రూపకల్పన కళాశాలలో కుర్చీలు కూర్చోడానికి వీలుగా లేకపోయినా, విందు మాత్రం చెయ్యాల్సిందేనని భుజంగరావు గారికి గట్టి పట్టుదల కలిగింది. విందు అని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు గనక 'ఆధునిక వస్తురూప వేషధారణ సదస్సు' అని రాశారు. "సదరు సదస్సునకు సిబ్బంది యావన్మందీ తమ తమ స్వభావములకు అనుగుణమైన గృహోపకరణ రూపములలో హాజరు కావలెను. మనుష్యరూపమున వచ్చువారు గైరుహాజరుగా పరిగణింపబడుదురు" అని నోటీసు బోర్డులో అంటించారు.

ప్రిన్సిపాల్ గారు టీ కూజా. చిత్రకళ విభాగం పెద్ద మేడం గారు టేబులు లైటు. గవర్రాజుకి బీరువా వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఏళ్ళ తరబడి అదే బూడిదరంగు చొక్కా తొడుక్కుని, పదిమందిలో నిలబడినా ఎవరి కంటికీ ఆనని మనిషి. ప్రిన్సిపాల్ గారు ఇప్పటికీ అప్పుడప్పుడు వరండాలో ఎదురుపడితే "కొత్తగా చేరావా?" అని అడుగుతూంటారు. వడ్రంగం విభాగం వాళ్ళు అతని కొలతలకి ప్లైవుడ్డుతో బీరువా చేసి, బూడిదరంగు వేసి, లోపల చేతికందేలా అరలు పెట్టి, మొహం దగ్గర గాలికోసం ఒక చిన్న తలుపు పెట్టారు.

ఆ శుక్రవారం గవర్రాజు సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. మంగతాయారు ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తిరిగాక కూడా కాసేపు నిలబడింది.

సాయంత్రం టీ మరిగి మరిగి కషాయమైంది. గవర్రాజు రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆవిడ ఆ రాత్రి కునుకు తియ్యలేదు. తెల్లారగానే క్యారేజీ కట్టుకుని కళాశాల గేటు దగ్గరికి వెళ్ళింది.

గేటు దగ్గర వాచ్‌మన్ వీర్రాజు లేచి నిలబడ్డాడు.

"గవర్రాజు గారాండి? లోపలే ఉన్నారండి. నిన్న స్టాకులోకెక్కారండి."

"ఎక్కడికెక్కాడూ?"

"స్టాకులోకండి. హాల్లో బీరువాల వరసలో ఆఖరాయనండి. నంబరు చూసుకుని పిలవండి. పక్కది నిజం బీరువా అండి, పలకదు."

మంగతాయారు హాల్లోకి పరిగెత్తింది. గోడవారగా బీరువాలు వరసగా ఉన్నాయి. ఆఖరిదానికి కింద చెప్పులున్న కాళ్ళు కనిపించాయి.

"ఒరేయ్ తమ్ముడూ!"

చిన్న తలుపు తెరుచుకుంది. గవర్రాజు మొహం. ఎడమ చెంప మీద తెల్లరంగుతో ఎనిమిది అంకె.

"గట్టిగా అరవకక్కా. ఇది ఆఫీసు."

జరిగిందేమిటంటే, సదస్సు జరిగిన రోజే కళాశాలలో సామాను తనిఖీ కూడా వచ్చిపడింది. తనిఖీ తేదీ మార్చడానికి వీల్లేదు, సదస్సు తేదీ మార్చడానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోలేదు. తనిఖీ అధికారి పరాంకుశం గారికి ఒక్కటే సూత్రం. సూర్యాస్తమయానికి ఆవరణలో ఉన్న ప్రతి వస్తువు మీదా నంబరు ఉండాలి. నంబరు లేని వస్తువు కనిపిస్తే స్టోర్‌కీపరు సత్తిరాజు ఉద్యోగం ఊడుతుంది. అసలే సత్తిరాజు గుండె చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. ఎందుకంటే బీరువాల్లో ఒకటి తక్కువొచ్చింది. అది తుఫానులో కొట్టుకుపోయిందని సత్తిరాజు అంటాడు. సత్తిరాజు బావమరిది ఇంట్లో ఉందని మిగతావాళ్ళు అంటారు.

అలాంటి సమయంలో పరాంకుశం గారు హాల్లోకి అడుగుపెట్టి, గోడవార నిలబడి ఉన్న గవర్రాజుని చూపించి "దీనికి నంబరేదీ?" అన్నారు. సత్తిరాజుకి దేవుడు కనిపించినట్టయింది. తెల్లరంగు డబ్బాతో పరిగెత్తుకొచ్చి, తక్కువొచ్చిన బీరువా నంబరు వేసేశాడు. అదే సమయానికి గాలి ఆడక గవర్రాజు చిన్న తలుపు తెరిచాడు. దాంతో నంబరులో మొదటి అంకెలు చెక్క మీదా, ఆఖరి ఎనిమిది చెంప మీదా పడ్డాయి.

"మరి నోరు తెరిచి మనిషినని చెప్పలేకపోయావూ?"

"మనుష్యరూపంలో ఉంటే గైరుహాజరని నోటీసుందిగా అక్కా."

"మిగతావాళ్ళకి వెయ్యలేదా నంబర్లు?"

"అందరికీ వేశారు. ప్రిన్సిపాల్ గారు టీ కూజా కదా, పగిలే సామాను కింద లెక్కలోంచి కొట్టేశారు. అందుకని ఆయన ఇంటికెళ్ళిపోయారు. మేడం గారి స్విచ్చి నొక్కితే వెలగలేదు, రిపేరుకి అని రాసి బయటికి పంపేశారు. నాకు అరలున్నాయి. తలుపు పడుతోంది. ఏ లోపమూ కనిపెట్టలేకపోయారు."

"సరేలే, ఇప్పుడు ఆ పెట్టె ఇప్పేసి బయటికి రా. ఇంటికి పోదాం."

గవర్రాజు మొహం తెల్లబోయింది. "ఎలా వస్తానక్కా? ఎనిమిది నా మీద ఉంది. నేనొచ్చేస్తే బీరువా నంబరు తప్పవుతుంది. బీరువాతో సహా వచ్చేస్తే సర్కారు సొమ్ము గేటు దాటించినట్టవుతుంది."

"కిరసనాయిలు గుడ్డ తెస్తాను, తుడిచేద్దాం."

"సర్కారు నంబరు చెరపడమా!" అని గవర్రాజు చిన్న తలుపు వేసేసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తెరిచి, "క్యారేజీలో ఏముంది?" అన్నాడు.

మంగతాయారు తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. భుజంగరావు గారు కూజా మూతని ఇంకా నెత్తిమీదే ఉంచుకున్నారు. బాగుందని ఎవరో అన్నారట.

"అమ్మా, మీ ఆవేదన నాకు అర్థమైంది. అయితే ఇందులో రెండు అంశములు ఇమిడి ఉన్నవి. ఒకటి, గవర్రాజు అను గుమాస్తా ఈ ఉదయమునించి తన సీటులో లేడు. అతని మీద సంజాయిషీ నోటీసు తయారవుతున్నది. రెండు, ఒక బీరువా సక్రమముగా పనిచేయుచున్నది. ఈ రెంటికీ సంబంధమున్నట్టు ఆధారములు లేవు."

"ఆ బీరువాయే మా గవర్రాజు, బాబూ!"

"ఆ సంగతి గవర్రాజు స్వయముగా హాజరై రాతపూర్వకముగా విన్నవించుకోవలెను."

"హాజరవడానికి బయటికి రావద్దూ?"

"బీరువా బయటికి వచ్చుటకు నిబంధనలు ఒప్పుకోవు."

సంజాయిషీ నోటీసులు రాసే గుమాస్తా గవర్రాజే. కాబట్టి ఆ కాగితం హాల్లోకి వచ్చింది. గవర్రాజు చిన్న తలుపులోంచి చెయ్యి బయటికి పెట్టి, 'గవర్రాజు అను నీవు' అని మొదలుపెట్టి, నీ బాధ్యతారాహిత్యము క్షమించరానిది అని తన మీద తనే కటువుగా రాసి, నకలు తీసి, ఆ నకలుని తన రెండో అరలో తనే పెట్టుకున్నాడు.

"కాస్త మెత్తగా రాసుకోలేకపోయావురా?" అంది మంగతాయారు.

"సొంతవాళ్ళని చూసీ చూడనట్టు వదిలేస్తే ఎలా అక్కా?"

రోజులు గడిచేకొద్దీ కళాశాలకి ఈ బీరువా అలవాటైపోయింది. అలవాటేమిటి, మోజు పుట్టింది. మిగతా బీరువాల్లో ఫైలు వెతకాలంటే చేతులు మసిబారి, తుమ్ములు పట్టుకుని, చివరికి దొరికేది కాదు. ఈ బీరువా ముందు నిలబడి "హాస్టలు పంపు రిపేరు" అంటే చాలు, చెయ్యి బయటికొచ్చి ఫైలు ఇచ్చేది. "కట్ట ఊడింది, కట్టి తీసుకెళ్ళండి" అని జాగ్రత్త కూడా చెప్పేది. వస్తువు పనే దాని అందం అని జర్మనీ బడి చెప్పింది ఇదేనని ప్రిన్సిపాల్ గారు విద్యార్థులకి హాల్లో పాఠం చెప్పారు. విద్యార్థులు గవర్రాజు చుట్టూ కూర్చుని అతని బొమ్మ గీశారు. చెద పట్టకుండా మందు కొట్టారు. నెలకోసారి పాలిష్ అని ఉత్తర్వు వేశారు. లోపల కలరా ఉండలు వేశారు. గవర్రాజు ఏ అరలో చెయ్యి పెట్టినా కలరా ఉండల వాసనే.

మంగతాయారు సర్ది ఇచ్చిన సంచీ కింది అరలో ఉంది. రాత్రిళ్ళు హాలుకి తాళం పడ్డాక పెట్టెలోంచి బయటికొచ్చి, సంచీలో లుంగీ తీసి కట్టుకుని, కాళ్ళు చాపుకుని పడుకునేవాడు. ప్రహరీ దాటలేదు గనక అది దొంగతనం కిందికి రాదని అతని నమ్మకం.

తమ్ముడికి అన్నం అందించడమే అక్కగారికి కష్టమైంది. 'బీరువాలలో ఆహార పదార్థములు ఉంచరాదు, ఎలుకలు చేరును' అని కొత్త నోటీసు వచ్చింది. వీర్రాజు గేటు దగ్గర క్యారేజీ మూత తీసి వాసన చూసేవాడు.

"ఏటండీ ఇది?"

"ఫైలు."

"పులుసు వాసనొస్తందండి."

"పాత ఫైలు."

వీర్రాజు మళ్ళీ ఒకసారి వాసన చూసి, "పాత ఫైలైతే ఎల్లొచ్చండి. మా నాన్నకీ ఈ ఫైలు ఇష్టమండి" అని వదిలేసేవాడు.

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకునే దారి ఏదని మంగతాయారు కనపడ్డవాళ్ళందర్నీ అడిగింది. చివరికి సత్తిరాజే చెప్పాడు, అటూ ఇటూ చూసి. వస్తువు పనికిరాదని తనిఖీ అధికారి తేల్చితే దాన్ని బయట పారేస్తారు. పారేసిన దాన్ని ఎవరు పట్టుకుపోయినా అడిగే దిక్కుండదు. నంబరు కొట్టేస్తారు. కొరత అని కూడా అనరు.

"అమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండి. మీవోణ్ణి కాస్త పాడైపోమనండి. నా ఉజ్జోగం నిలబడద్ది, మీ తమ్ముడు మీకు దక్కుతాడు."

ఇంక చూడాలి. మంగతాయారు రోజూ హాలుకి వచ్చి తమ్ముడికి పాడైపోవడం నేర్పింది.

"ఎడమ పక్కకి వాలు. అలా కాదు, మన వంటింటి బీరువాలాగ. అదీ. ఇప్పుడు తలుపు తియ్యి. కిర్రుమనాలి."

"కిర్రు."

"నోటితో అన్నట్టుంది. గొంతులోంచి రానీ."

"కిర్ర్ర్."

"ఆఁ, అలాగ. ఎవరేం పెట్టమన్నా పోగొట్టు. అడిగితే లేదు. అంతే. అర్థమైందా?"

"పోగొట్టడమంటే... ఎక్కడ పెట్టాలి?"

"పోగొట్టడానికి చోటేంట్రా, నా ప్రాణానికి!"

ఆ నెలాఖరులో పరాంకుశం గారు మళ్ళీ వచ్చారు. ప్రిన్సిపాల్ గారూ, సత్తిరాజూ, క్యారేజీ చేత్తో పట్టుకుని మంగతాయారూ చుట్టూ నిలబడ్డారు. గవర్రాజు ఎడమ పక్కకి బ్రహ్మాండంగా వాలిపోయాడు. మంగతాయారు మనసులో దణ్ణం పెట్టుకుంది.

"ఈ బీరువా ఒరిగినది" అన్నారు పరాంకుశం గారు. ఒక అట్టముక్క మడిచి ఎడమ చెప్పు కింద దోపారు. గవర్రాజు నిటారుగా నిలబడిపోయాడు. "ఒరుగుట సవరింపబడినది."

తలుపు తీశారు. గవర్రాజు గొంతులోంచి కిర్రుమన్నాడు. పరాంకుశం గారు నూనె తెమ్మన్నారు. సత్తిరాజు కంగారులో నూనె గవర్రాజు చెవిలో పోశాడు. మళ్ళీ తలుపు తీస్తే కిర్రు లేదు. పాపం, చెవిలో నూనె పడినవాడికి కిర్రుమనడం ఎక్కడ గుర్తుంటుంది?

"ఇక సామర్థ్య పరీక్ష" అని పరాంకుశం గారు ఒక ఫైలు లోపల పెట్టారు. టీ తాగడానికి వెళ్ళారు. సర్కారు ఆఫీసులో టీ తాగే టైములో పోని ఫైలు లేదు. తిరిగొచ్చి, "సదరు ఫైలు" అన్నారు.

అందరూ బీరువా వైపు తిరిగారు.

మంగతాయారు కళ్ళతో వద్దు వద్దు అంటోంది. సత్తిరాజు కళ్ళు మూసుకున్నాడు. చిన్న తలుపులోంచి గవర్రాజు చెయ్యి కొంచెం బయటికొచ్చింది. లోపలికి వెళ్ళింది. లోపల కాగితాలు గలగలలాడాయి. చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది. అందులో ఫైలు ఉంది. నలిగిన మూలలు సాపు చేసి ఉన్నాయి. దారం కొత్తగా కట్టి ఉంది. పరాంకుశం గారు చదువుకోడానికి వీలుగా ఆయన వైపు తిప్పి ఉంది.

పరాంకుశం గారు కొత్త దారం ముడిని వేలితో తడిమి చూశారు. "నా సర్వీసులో పెట్టిన ఫైలు తిరిగి ఇచ్చిన బీరువాని చూడలేదు" అన్నారు. "అద్భుతం."

మంగతాయారు తమ్ముడి మొహం చూసింది. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు వాడి పలక ఎత్తి అందరికీ చూపించిన నాడు ఇంటికి వచ్చిన మొహం అది. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఆ మొహం ఆవిడ మళ్ళీ చూడలేదు.

అందరూ వెళ్ళాక అడిగింది. "ఎంత పని చేశావురా!"

"పోగొడదామనే అనుకున్నానక్కా. చేతులు రాలేదు." చిన్న తలుపు ఇంకాస్త తెరిచి, "ఆయన అద్భుతం అన్నారు. విన్నావా?" అన్నాడు.

"విన్నాన్రా."

"ప్రిన్సిపాల్ గారు కూడా తలూపారు."

"చూశాన్రా" అంది మంగతాయారు. కోపం తెచ్చుకుందామంటే ఆవిడకి రాలేదు.

మర్నాటికే ఉత్తర్వు దిగింది. 'ఆధునిక వస్తురూపకల్పనకు పరాకాష్ఠ యగు సదరు బీరువాను దేశ రాజధానిలో నెలకొల్పబోవు ఆదర్శ కార్యాలయ ప్రదర్శనశాలకు తరలింపవలెను.' లారీ శుక్రవారం వస్తుంది.

మంగతాయారు ఢిల్లీ చలి తలుచుకుంది. ఏడ్చి లాభం లేదని తెలిసింది గనక ఏడవలేదు. వీర్రాజుని అడిగింది, గేటు దాటే సామానుకి ఏం రాస్తారని.

"రెండు రకాలండి. తిరిగి రావలసినదీ, తిరిగి రానక్కరలేనిదీ. మొదటిదైతే పచ్చ కాయితమండి. రెండోదైతే ఎర్రదండి. నాకు సదువు రాపోయినా రంగు తెలుసండి."

ఆవిడ ప్రిన్సిపాల్ గారి గదిలో బైఠాయించింది. "నాకు పచ్చ కాగితం కావాలి."

"అమ్మా, అది శాశ్వత ప్రదర్శనశాల. శాశ్వతము అనగా..."

"శాశ్వతం అనగా ఏమిటో నాకు తెలుసు బాబూ. మా ఆయన సర్కస్‌కి వెళ్ళినప్పుడు నేనెవర్నీ ఏ కాగితమూ అడగలేదు. అప్పుడు నాకింత తెలివి లేదు. ఇప్పుడు పచ్చది రాసి ఇచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవను. కావాలంటే నాకూ నంబరు వేయించండి."

సత్తిరాజు కూడా ఆవిడ పక్కన చేరాడు. ఎర్ర కాగితం మీద బీరువా వెళ్ళిపోతే మళ్ళీ ఒకటి తక్కువొస్తుంది. పచ్చ కాగితమైతే ఎక్కడున్నా ఉన్నట్టే లెక్క. "పచ్చదే నియమానుసారం సార్. పచ్చదైతే మనదే సార్" అని సత్తిరాజు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. భుజంగరావు గారికి ఆ కుర్చీ ఖాళీ కావాలి, సత్తిరాజు నోరు మూతపడాలి. పచ్చ కాగితం తీసి, 'తిరిగి రావలసినది' అని రాసి, ముద్ర కొట్టారు.

శుక్రవారం పొద్దున్న లారీ వచ్చింది. బీరువాకి గోనెలు చుట్టి, గడ్డి దూర్చి, తాళ్ళు కట్టారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసం చెప్పారు. అందులో గవర్రాజు అనే గుమాస్తా ప్రస్తావన లేదు, అతను ఇంకా గైరుహాజరే. నలుగురు మనుషులు బీరువాని లారీ ఎక్కిస్తూంటే "మెల్లిగా బాబూ, కాలు కొట్టుకుంటుంది, వాడి మోకాలు మంచిది కాదు" అని మంగతాయారు వాళ్ళ వెనకాలే తిరిగింది.

గేటు దగ్గర వీర్రాజు లారీని ఆపి, కాగితం తిప్పి తిప్పి చూసి, "పచ్చదేనండి అమ్మగారూ" అని గట్టిగా చెప్పాడు.

గోనెల మధ్య చిన్న తలుపు కొంచెం తెరుచుకుంది.

"అక్కా, ఎండగా ఉంది. నీడకి జరుగు."

"మఫ్లరు కట్టుకోరా. చెవిలో నూనె చల్లబడుతుంది."

"అక్కడ పెద్ద పెద్ద ఫైళ్ళుంటాయిటక్కా."

"నువ్వు అన్నీ చూడకు. రెండు మూడు పోగొట్టు."

"ప్రయత్నిస్తాను."

లారీ పోర్టు రోడ్డు వైపు తిరిగింది.

గవర్రాజు ఆ శుక్రవారం, నవంబరు ఇరవై తొమ్మిదో తేదీన వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.